పదిహేను ఫేజుల ఊరు

పొద్దున ఆఫీసులకి పోయేవాళ్లు, రాత్రి ఊళ్లకి పోయేవాళ్లు... ఏ వేళ చూసినా ప్రయాణం మీదే ఉంటుంది కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ. ఒకప్పుడు 'అమ్మో, అంత దూరమా' అనిపించుకున్న చోటు ఇప్పుడు 'అమ్మో, అంత ఇరుకా' అనిపించుకుంటోంది. ఆ దూరానికీ ఈ ఇరుకుకీ మధ్య ఏం జరిగిందో తెలియాలంటే నడిచి చూడటమే మంచిది. ఎలాగూ బండి మీద వెళ్లినా అంతకంటే వేగంగా పోలేం!

పొడి అక్షరాలతో పిలిపించుకునే చోట్లు హైదరాబాద్‌కి కొత్త కాదు. ఈసీఐఎల్ ఉంది, బీహెచ్‌ఈఎల్ ఉంది. వాటి వెనక పెద్ద పెద్ద ఫ్యాక్టరీలున్నాయి. కేపీహెచ్‌బీ వెనక ఏముంది? ఇళ్లున్నాయి. అంతే. ఇళ్లు కట్టడానికే పుట్టి, ఆ ఇళ్లు కట్టిన బోర్డు పేరే ఊరి పేరైపోయిన చోటు ఇది. విజయవాడలోనో నెల్లూరులోనో ఏ బస్సు ఆఫీసుకెళ్లినా 'కేపీహెచ్‌బీలో దిగుతారా?' అని అడుగుతారు తప్ప పూర్తి పేరెవరూ పలకరు.

మెట్రో స్టేషన్ మెట్లు దిగే ముందు ఒక్క నిమిషం పైనే ఆగండి. కింద కనిపించేది పాత తొమ్మిదో నంబరు జాతీయ రహదారి. పుణె నుంచి హైదరాబాద్, విజయవాడల మీదుగా మచిలీపట్నం పోయే దారి. తర్వాత నంబర్లు మార్చినప్పుడు 65 అయింది. ఈ రోడ్డు మీదే పటాన్‌చెరు నుంచి కోఠి పోయే 218, సికింద్రాబాద్ పోయే 219 బస్సులు తిరుగుతుంటాయి. బట్టల దుకాణాలు, నగల దుకాణాలు, వాటి మీద కోచింగ్ సెంటర్ల బోర్డులు, ఆ పైన హాస్టళ్ల బాల్కనీలు, బాల్కనీల్లో ఆరేసిన తువ్వాళ్లు. ఇదంతా దాటి లోపలికి నాలుగడుగులేస్తే అసలు కాలనీ మొదలవుతుంది.

గేటు మీద ఆదాయం

లోపలి వీధుల్లో పాత ఇళ్ల గేట్లు చూస్తే నవ్వొస్తుంది. 'ఎల్‌ఐజీ' అనీ 'ఎంఐజీ' అనీ 'హెచ్‌ఐజీ' అనీ రాసి, పక్కన నంబరు. తక్కువ ఆదాయం వాళ్లు, మధ్య ఆదాయం వాళ్లు, ఎక్కువ ఆదాయం వాళ్లు అని అర్థం. ఆంధ్రప్రదేశ్ హౌసింగ్ బోర్డు ఇళ్లు కట్టినప్పుడు ఎవరి జీతానికి తగ్గ ఇల్లు వాళ్లకి కేటాయించింది. ఆ లెక్కే చిరునామా అయి కూర్చుంది. ఇంటి యజమాని ఆదాయమెంతో పోస్ట్‌మ్యాన్‌తో సహా అందరికీ చెప్పే ఊరు ఇంకోటుంటుందా! ఇవాళ అదే 'తక్కువ ఆదాయం' ఇల్లు కొనాలంటే కోటి మాటెత్తకుండా బేరం మొదలవదు. బోర్డు మాత్రం మారలేదు.

మా బాబాయిది ఎల్‌ఐజీ. బాలానగర్‌లో ఫ్యాక్టరీ ఉద్యోగం. 80ల మొదట్లో నెలనెలా వాయిదాలు కట్టే పద్ధతి మీద ఇల్లు వచ్చింది. నూటపది గజాల స్థలంలో రెండు గదులు, వంటిల్లు, ముందు చిన్న వాకిలి, వెనక పెరడు. 'కూకట్‌పల్లిలో ఇల్లా? పిల్లల్ని బడికి ఏ ఊరు పంపుతావురా?' అని తాతయ్య కోప్పడ్డాడట. అప్పట్లో ఇక్కడ బండరాళ్లూ, సీతాఫలం చెట్లూ. సాయంత్రం ఏడైతే బస్సు దిగి ఇంటికి నడిచేటప్పుడు చేతిలో టార్చిలైటు ఉండాల్సిందేనని పిన్ని ఇప్పటికీ చెబుతుంది.

వాళ్ల కాలనీని ప్లాను ప్రకారమే కట్టారు. ఈ మాట గట్టిగా చెప్పాలి. ఎందుకంటే 'ప్లాను లేకపోవడం వల్లే ఊరు ఇలా అయింది' అని మనందరికీ ఓ అలవాటైన విసుగు. హైదరాబాద్‌కి ప్లాను కొత్తేమీ కాదు. 1908 మూసీ వరద తర్వాత 1912లోనే ఇక్కడ సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. ఇరుకు బస్తీలు తీసేసి గాలీ వెలుతురూ వచ్చే ఇళ్లు కట్టారు. కేపీహెచ్‌బీ కూడా ఆ వరసలోదే. ఫేజుల వారీగా వీధులు వేశారు, పార్కుకి చోటు వదిలారు, బడికి వదిలారు, దుకాణాల సముదాయానికి వదిలారు. ఫేజు తర్వాత ఫేజు... పదిహేనో ఫేజు దాకా పోయింది. లోపలి వీధి ఒక కుటుంబానికి ఒక ఇల్లు, ఒక ఇంటికి మహా అయితే ఓ స్కూటరు అన్న లెక్కన వేసింది. ఆ లెక్క అప్పటికి సరిపోయింది. సరిపోవడమేంటి, 'స్కూటరు ఎక్కడిదిలే' అనుకున్న ఇళ్లే ఎక్కువ.

పని అక్కడ, పడక ఇక్కడ

1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ని అప్పటి ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. కేపీహెచ్‌బీ జాతకం మారింది ఆ రోజే అనుకోవచ్చు. ఇక్కణ్నుంచి అక్కడికి అయిదారు కిలోమీటర్లు. 2001లో ఆ ప్రాంతమంతటికీ కలిపి సైబరాబాద్ డెవలప్‌మెంట్ అథారిటీ అని వేరే సంస్థ పెట్టి, 52 చదరపు కిలోమీటర్లకి వేరే ప్లాను గీశారు. విశాలమైన రోడ్లు, ఐటీ ఆఫీసులు, పచ్చదనం... బాగానే ఉంది. కానీ అక్కడ పనిచేసే కుర్రాళ్లు రాత్రి ఎక్కడ పడుకుంటారు? ఆ పడక మాత్రం సరిహద్దుకి ఇవతల, కూకట్‌పల్లి మున్సిపాలిటీ లెక్కలో పడింది. 2001 జనాభా లెక్కల్లోనే ఆ మున్సిపాలిటీ మూడు లక్షలకి దగ్గరగా ఉంది. 2007 ఏప్రిల్‌లో గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసిపోయింది.

కుర్రాళ్లు వచ్చారు. కోర్సులు నేర్చుకునేవాళ్లు, ఉద్యోగం వెతుక్కునేవాళ్లు, దొరికినవాళ్లు, పోయినవాళ్లు. 'బాయ్స్ హాస్టల్', 'లేడీస్ హాస్టల్', 'టూ షేరింగ్, త్రీ షేరింగ్' బోర్డులొచ్చాయి. కర్రీ పాయింట్లొచ్చాయి. రాజమండ్రి వాళ్లకి పులస పేరు చెప్పి, కర్నూలు వాళ్లకి ఉగ్గాణి పేరు చెప్పి బోర్డులు పెట్టుకున్న మెస్సులొచ్చాయి. తెలుగునాట ఏ జిల్లా యాస వినాలన్నా ఇక్కడ ఒక టీ కొట్టు దగ్గర అరగంట నిలబడితే చాలు. నన్నడిగితే ఈ ఊరికి ఇదో గొప్ప. చేతిలో డబ్బులేని కుర్రాడు రెండు చొక్కాల సంచితో దిగి, నెలకి సరిపడా తిండీ మంచం దొరికించుకోగల చోటు ఇంత పెద్ద నగరంలో ఎన్నున్నాయి? ఇరుకని తిట్టుకునే ముందు ఆ సంగతి ఒప్పుకోవాలి.

మంచాలు ఎక్కడ వేశారన్నది అసలు కథ. నూటపది గజాల ఎల్‌ఐజీ పడగొట్టి అయిదంతస్తులు లేపారు. చిన్న స్థలానికి చిన్న ఎత్తే కట్టుకోవాలన్నది నిబంధన. ఆ నిబంధనని గౌరవించిన ఇల్లు వెతకాలంటే కాలనీలో కాస్త తిరగాలి. పోనీ పట్టుకుంటారా అంటే, 2007 డిసెంబరు 31న 'బిల్డింగ్ పీనలైజేషన్ స్కీము' వచ్చింది. 1985 జనవరి 1 నుంచి 2007 డిసెంబరు 15 దాకా అనుమతి లేకుండా, లేదా అనుమతి దాటి కట్టినవాళ్లు అపరాధ రుసుము కట్టి క్రమబద్ధం చేయించుకోవచ్చన్నారు. 'ఇదే ఆఖరు' అన్నారు. 2015లో మళ్లీ అలాంటిదే ఇంకో పథకం వచ్చింది. అది కోర్టుకెక్కింది. ఈ రెండూ చూసిన వీధిలోవాళ్లు ఏం నేర్చుకుంటారు? ముందు కట్టు, తర్వాత కట్టు. మొదటిది గోడ, రెండోది రుసుము!

రోడ్డు కొలిచారు సరే...

కాలనీ పాత వీధులు దాటి నాలుగో ఫేజు వైపు నడిస్తే దృశ్యం పూర్తిగా మారిపోతుంది. ఇక్కడ మెడ ఎత్తి చూడాలి. హౌసింగ్ బోర్డు మలేసియా కంపెనీతో కలిసి కట్టించిన టౌన్‌షిప్పుతో మొదలై, ఆ తర్వాత ఆకాశంలోకి లేచిన టవర్లు. లోపల ఈతకొలను, పచ్చిక, పిల్లల ఆటస్థలం. గేటు బయట ఆటోలు, షేర్ ఆటోలు, కొబ్బరిబొండాల బండి, ఎటూ కదలని స్కూల్ బస్సు.

ఇంత ఎత్తు ఎలా కట్టనిస్తారు? దీని వెనక చాలామందికి తెలియని ఒక సంగతుంది. ముంబయిలోనైనా చెన్నైలోనైనా స్థలం ఎంతుంటే దానికి ఇన్ని రెట్ల వైశాల్యమే కట్టాలని ఒక లెక్క పెడతారు. దాన్నే ఎఫ్‌ఎస్‌ఐ అంటారు. హైదరాబాద్‌లోనూ ఉండేది. 2006 మార్చిలో వచ్చిన 86 నంబరు జీవో దాన్ని ఎత్తేసింది. 2012లో వచ్చిన 168 నంబరు జీవో కూడా అదే దారిలో నడిచింది. ఎఫ్‌ఎస్‌ఐకి బదులు, ముందున్న రోడ్డు వెడల్పుని బట్టీ చుట్టూ వదిలే ఖాళీని బట్టీ ఎత్తు నిర్ణయిస్తారు. 12 మీటర్ల రోడ్డుంటే ఇంత, 18 మీటర్లుంటే ఇంత, 24 ఉంటే ఇంత. 30 మీటర్ల రోడ్డు ఉండి, చుట్టూ చాలినంత చోటు వదిలితే విమానాశ్రయం, అగ్నిమాపక శాఖల అనుమతి ఉన్నంత ఎత్తుకి పోవచ్చు.

ఇందులో మంచి లేకపోలేదు. ముంబయితో పోలిస్తే హైదరాబాద్‌లో మధ్యతరగతికి ఫ్లాట్లు ఎన్నో ఏళ్లు అందుబాటులో ఉండటానికి ఇదో కారణమని చెప్పేవాళ్లున్నారు. ఆ మాటలో నిజముందనే నాకూ అనిపిస్తుంది. కానీ ఆ నిబంధన కొలిచేది ఇంటి ముందు రోడ్డుని. ఆ రోడ్డు ఎక్కడికి పోతుందో, పోయి పోయి ఏ కల్వర్టు దగ్గర, ఏ రైలుగేటు దగ్గర సగానికి సన్నబడుతుందో చూడదు. టవరు ముందు రోడ్డు వంద అడుగులే. ఆ టవర్లోని కార్లన్నీ పొద్దున ఎనిమిదిన్నరకి ఒకేసారి బయటికొచ్చి చేరే కూడలి మాత్రం ఎడ్లబళ్ల నాటిది! పైగా ఆ వంద అడుగుల రోడ్డుని కొలిచి అనుమతి తీసుకున్నది ఈ టవరు ఒక్కటే కాదు. పక్కదీ అదే రోడ్డు చూపించింది. ఎదురుదీ అదే. ఒకే రోడ్డుని పదిమంది ఆస్తిగా రాయించుకున్నట్టు.

15 మీటర్ల పైన కట్టే భవనాల నుంచి 'సిటీ లెవెల్ ఇంపాక్ట్ ఫీజు' అని వసూలు చేయడం కూడా 2006 జీవోతోనే మొదలైంది. పెద్ద భవనం వల్ల పడే భారాన్ని తట్టుకోడానికి రోడ్లూ కాలువలూ బాగు చేయడానికన్నమాట. కాలనీ సంఘాలవాళ్లు అడిగేదల్లా ఒకటే: మా ఫేజులో ఇన్ని టవర్లు లేచాయి కదా, ఆ ఫీజులో మా వీధికి ఎంతొచ్చింది? లెక్క బోర్డు మీద రాయండి. ఇల్లు కట్టే చోట అనుమతి బోర్డు పెట్టమని మాకు చెబుతారు కదా, మీరూ పెట్టండి.

వాళ్లకి ఇంకో బాధ కూడా ఉంది. కాలనీ వేసినప్పుడు మిగిలిన బోర్డు స్థలాలు అక్కడక్కడా ఖాళీగా ఉండిపోయాయి. నలభయ్యేళ్లుగా పిల్లలు క్రికెట్ ఆడుకుంటే అది గ్రౌండు. వినాయక చవితికి పందిరి వేస్తే అది మండపం. కాగితాల్లో మాత్రం అమ్మకానికున్న ప్లాటు. 2025 జనవరిలో ఇలాంటి ప్లాట్లు వేలం పెట్టినప్పుడు స్థానికులు అభ్యంతరం చెప్పారు. అదే ఏడాది ఆగస్టులో నాలుగో ఫేజులో ఏడెకరాల పైచిలుకు భూమి ఎకరం 70 కోట్ల లెక్కన పోయింది. 'పార్కుకి వదిలింది అమ్మట్లేదు, మా సొంత స్థలమే అమ్ముకుంటున్నాం' అన్నది బోర్డు వాదన. చట్టం ప్రకారం అది తప్పని నేననలేను. కాకపోతే ఒక్క లెక్క వేసుకోండి. ఎకరం 70 కోట్లకి కొన్నవాళ్లు ఆ చోట రెండంతస్తుల ఇళ్లు కట్టరు. ఆ కొత్త ఎత్తు కూడా మళ్లీ అదే రోడ్డు మీదికే దిగాలి.

పదహారు స్టేషన్ల దూరం

రోడ్డు సంగతి వచ్చింది కాబట్టి ప్రయాణం సంగతీ చెప్పుకోవాలి. 2017 నవంబరులో మియాపూర్ నుంచి అమీర్‌పేట మీదుగా నాగోలు దాకా మెట్రో మొదలైనప్పుడు కేపీహెచ్‌బీ వాళ్లంత సంబరపడినవాళ్లు లేరు. 2019లో హైటెక్ సిటీకీ రైలొచ్చింది. అయితే ఇక్కడ చిన్న తమాషా ఉంది. కేపీహెచ్‌బీలో మెట్రో ఎక్కి హైటెక్ సిటీకి పోవాలంటే ముందు వెనక్కి, అంటే అమీర్‌పేట దాకా ఎనిమిది స్టేషన్లు పోవాలి. అక్కడ దిగి, మెట్లెక్కి, రైలు మారి, మళ్లీ ఎనిమిది స్టేషన్లు. మొత్తం పదహారు! రోడ్డు మీద అయిదారు కిలోమీటర్ల దూరానికి ఇంత ప్రదక్షిణ. అందుకే వర్షం పడిన రోజు మెట్రో కిటకిటలాడుతుంది, ఎండ కాసిన రోజు కుర్రాళ్లు బైకులు తీస్తారు.

అడ్డదారి కోసం ప్రయత్నాలు జరగలేదని కాదు. హైటెక్ సిటీ ఎంఎంటీఎస్ స్టేషన్ దగ్గర రైలు పట్టాల కింది నుంచి దారి 2021లో తెరిచారు. 2022 జూన్‌లో కైతలాపూర్ దగ్గర పట్టాల మీదుగా వంతెన వచ్చింది. రెండూ పనికొచ్చాయి. కేపీహెచ్‌బీ నుంచి ఆఫీసుల వైపు పిల్లర్ల మీద బస్సుల కోసమే ప్రత్యేక మార్గం వేస్తామన్న ప్రతిపాదన కూడా కొన్నాళ్లు పత్రికల్లో కనిపించింది. తర్వాత 'మెట్రో నియో' అన్నారు. పేర్లు మారినంత వేగంగా పిల్లర్లు లేవలేదు.

ఈ కాలనీ రోడ్లు ఎంత సన్నని దారం మీద వేలాడుతున్నాయో 2023 సెప్టెంబరు చివర్లో ఊరంతా చూసింది. కాలనీ ముందు మాల్ ఒకటి కొత్త యాజమాన్యంతో తెరుచుకుంది. చూడటానికి నగరం నలుమూలల నుంచీ జనం వచ్చారు. కొన్ని రోజుల పాటు జాతీయ రహదారి జాతీయ పార్కింగ్ స్థలమైపోయింది. మాల్ కొత్తది కాదు, భవనం అంతకు ముందున్నదే. రోడ్డూ అదే. మారింది బోర్డు ఒక్కటే! ఒక్క బోర్డు మారితే తట్టుకోలేని రోడ్డు మీద ఇంకెన్ని టవర్లు మోపుతారని ఆ రోజుల్లో అడగనివాళ్లు లేరు.

నడిచేవాళ్ల మాట ఎవరూ ఎత్తరు. మెట్రో దిగి రహదారి దాటి లోపలికి నడిచే ఆడవాళ్లని గమనించండి. ఫుట్‌పాత్ ఉంది. దాని మీద ట్రాన్స్‌ఫార్మర్ ఉంది, దుకాణం మెట్లున్నాయి, మొబైల్ కవర్ల బండి ఉంది, పార్కు చేసిన బుల్లెట్ ఉంది. ఆ బండివాడినొక్కడినే తీసేసి 'ఫుట్‌పాత్ ఖాళీ చేయించాం' అంటే ఎలా? దుకాణం మెట్లు కూడా ఫుట్‌పాతే కదా! పెద్దవాళ్లయితే ఉదయం ఆరింటికి పార్కుకి నడిచి, ఏడింటికల్లా ఇల్లు చేరుకుంటారు. ఆ తర్వాత వీధి వాళ్లది కాదు.

పిన్ని డాబా

వీధి పోతే పోయింది, డాబా ఉందిలే అనుకునేది మా పిన్ని. వేసవిలో వడియాలు పెట్టడం, మిరపకాయలు ఎండబెట్టడం, చలికాలం తలారబెట్టుకోవడం అన్నీ అక్కడే. ఎనిమిదేళ్ల కిందట పక్క ప్లాటులో అయిదంతస్తుల హాస్టల్ లేచింది. గోడకీ గోడకీ మధ్య చెయ్యి పట్టే సందు. అంతే, పొద్దున పదకొండు దాటితే తప్ప డాబా మీద ఎండ పడదు. పెరట్లో జామచెట్టు కాయడం మానేసింది. హాస్టల్ పిల్లలు మంచివాళ్లే. పిన్ని పచ్చడి పెడితే గిన్నె కడిగి మరీ తిరిగిస్తారు. ఎండ మాత్రం ఎవరూ తిరిగివ్వలేరు కదా.

ఇప్పుడు తమ్ముడు మన ఇల్లు కూడా కడదామంటున్నాడు. వాడి లెక్క వాడిది. బాబాయికి పింఛను అంతంత మాత్రం. చెల్లెలి పిల్లల చదువులు. కింద వాళ్లుండి, పైన నాలుగంతస్తులు హాస్టల్‌కి ఇస్తే బ్యాంకు అప్పు పోను కూడా నెలకి కాస్త మిగులుతుంది. వీధిలో ఇలా కట్టకుండా మిగిలినవి మూడిళ్లే. ఆ మూడూ ఇప్పుడు బావి అడుగున ఉన్నట్టున్నాయి. చుట్టూ కట్టేశాక మనమొక్కరం కట్టకపోతే ఊరు బాగుపడిపోతుందా అని వాడి ప్రశ్న. దానికి నా దగ్గరా జవాబు లేదు.

మొన్నామధ్య వెళ్లినప్పుడు భోజనాల దగ్గర ఇదే చర్చ.

'అనుమతి ఎన్ని అంతస్తులకిస్తే అన్నే కడదాం రా' అన్నాడు బాబాయి.

'అలాగైతే అప్పు తీరదు నాన్నా.'

'తీరేదాకా ఆగు.'

పిన్ని మజ్జిగ పోస్తూ అంది: 'పక్కవాళ్లు కట్టినప్పుడు మన ఎండ పోయిందని నెల రోజులు ఏడ్చాను. ఇప్పుడు మనం కడితే ఎదురింటి వదినగారి ఎండ పోతుంది. ఆవిడ మొహం నేనెలా చూడను?'

'ఆవిడ కూడా కట్టేస్తుందిలే అమ్మా' అన్నాడు తమ్ముడు.

వాడు వేళాకోళానికన్లేదు. నిజంగానే అన్నాడు. కాలనీ మొత్తం మారింది ఈ ఒక్క మాట మీదే. ఎవరూ ఊరిని పాడుచేద్దామని కట్టలేదు. ఎదుటివాళ్లు కట్టేస్తారని కట్టారు.

ఇంజినీరుని పిలిపించారు. ఆయన చాలా మర్యాదస్తుడు. టేపు పట్టి స్థలం కొలిచి, వారం తిరక్కుండా రెండు ప్లాన్లు గీసి తెచ్చాడు. ఒకటి ఆఫీసులో పెట్టడానికి, ఒకటి మేస్త్రీకి ఇవ్వడానికి. రెండూ ఒకే స్థలానివే. మొదటిదాంట్లో చుట్టూ ఖాళీ ఉంది, కారు పెట్టుకునే చోటుంది, మొక్క కూడా గీశాడు. రెండోదాంట్లో మెట్లున్నాయి, గదులున్నాయి, గదికి మూడు మంచాలున్నాయి. బాబాయి కళ్లజోడు పెట్టుకుని మొదటిదాన్నే చాలాసేపు చూశాడు. 'ఇది బాగుందయ్యా. ఇదే కడితే పోలా?' అన్నాడు. ఇంజినీరు నవ్వాడు. ఆ రెండు కాగితాలూ ఇప్పటికీ టీవీ కింద సొరుగులో ఉన్నాయి. ఏదీ ఖాయం కాలేదు.

సంక్రాంతి మూడు రోజులు

ఈ ఊరిని చూడాలంటే సంక్రాంతికి రండి. ముందు భోగికి రెండు రోజుల ముందు రాత్రి రావాలి. రహదారి పక్కన కిలోమీటరు పొడవునా జనం, చేతుల్లో బ్యాగులు, ఒళ్లో పిల్లలు, చెవికి ఫోన్లు. 'అన్నా, బస్సు ఎక్కడిదాకా వచ్చింది?' 'మూసాపేటలో ఇరుక్కుంది మేడమ్, పది నిమిషాలు.' ఆ పది నిమిషాలు గంటన్నర. భీమవరం, కాకినాడ, ఒంగోలు, తిరుపతి... బస్సుల నుదుటి మీద ఊళ్ల పేర్లు చదువుతూ ఒక్కో కుటుంబం కదిలిపోతుంది. తెల్లారేసరికి హాస్టళ్లకి తాళాలు. టిఫిన్ బళ్లు లేవు. కర్రీ పాయింట్ల షట్టర్లు దించి ఉంటాయి.

భోగి తెల్లవారుజామున లోపలి వీధుల్లో నడిస్తే మీరు నమ్మరు. వీధికి ఆ చివర నుంచి ఈ చివరకి కనిపిస్తుంది. రెండు పక్కలా కార్లు లేవు, బైకులు లేవు. ఇంత వెడల్పా ఈ వీధి అనిపిస్తుంది. నలభయ్యేళ్ల కిందట బోర్డువాళ్లు తాడు పట్టి వేసిన వెడల్పే. ఎక్కడికీ పోలేదు, కార్ల కింద ఉంది. పాత ఇళ్ల పెద్దవాళ్లు బయటికొచ్చి నడిరోడ్డు మీద నిలబడి మాట్లాడుకుంటారు. పిల్లలు ఎగరేసిన గాలిపటాలు అయిదో అంతస్తు కేబుల్ వైర్లకి చిక్కుకుంటాయి.

కిందటి పండక్కి మా పిన్ని ముగ్గు వాకిట్లో మొదలుపెట్టి వీధి మధ్య దాకా తీసుకుపోయింది. అటు వైపు నుంచి ఎదురింటి వదినగారు రథం ముగ్గు లాక్కొచ్చింది. రెండూ నడివీధిలో కలిశాయి. రంగులద్దుతుంటే బాబాయి కుర్చీ తెచ్చుకుని గేటు ముందు కాపలా కూర్చున్నాడు, ఎవరైనా బండి మీద వస్తే పక్క నుంచి పొమ్మని చెప్పడానికి. మధ్యాహ్నం దాకా వచ్చింది ఒకే ఒక్క పాలవాడు.

కనుమ మర్నాడు తెల్లారగట్ల మొదటి బస్సులు దిగాయి.